పుట్టింటి పేరు

హలో… ఆ, నేనే. హార్ట్‌లెబ్‌ని. గెర్లిండ్ భర్తని.

రోస్విత గారా… చెప్పండి.

లేదు, పడుకోలేదు… వంటింట్లో కూడా లేదు.

…మీ రిహార్సల్ ఇవాళేనా? ఆమె తప్ప పాడేవాళ్ళంతా వచ్చేశారా…

అవును, ఎప్పుడూ రైలు అందుకోలేని మనిషే. మీ ఊరు హాలే స్టేషన్లోనే ఆవిడకో పియానో పెట్టించాలని మీరన్నది నాకూ చెప్పింది…

రోస్విత గారూ, ఒక్క నిమిషం. నన్ను చెప్పనివ్వండి.

గెర్లిండ్ చనిపోయింది.

…

పోయిన వారం. గుండె ఆగిపోయింది… లేదు, బాధపడలేదనే అన్నారు డాక్టరు.

…ఏడవండి, పర్లేదు. లైన్లోనే ఉంటాను.

…

ఇంకెక్కడ చూస్తారు… సమాధి చేసేశాం. శుక్రవారం.

…

ఫోన్ చెయ్యలేదు. అవును… పేపర్లో వేయించాను. మీ ఊరి పేపర్లోనూ వచ్చింది.

…చూసే ఉంటారు. గెర్లిండ్ హార్ట్‌లెబ్ అని ఉంది. అంతే.

…సోల్‌బ్రిగ్ అని వేయలేదు.

తెలుసు. మీ అందరికీ ఆమె సోల్‌బ్రిగే. పాటల మీద, కచేరీ పోస్టర్ల మీద అదే పేరు. పేపరాఫీసు అమ్మాయి అడిగింది కూడా, "అందరూ కింద పుట్టింటి పేరు వేయిస్తారు కదండీ" అని. అక్కర్లేదన్నాను.

…మర్చిపోయి కాదు.

నేను భాష చెప్పేవాణ్ణి. పిల్లల వ్యాసాల్లో ఎక్కువైన మాట కొట్టేస్తాను. ఇదీ అలాగే అనుకున్నాను…

లేదు. మీరన్నదే నిజం. మాట ఎక్కువై కాదు. మా పోస్ట్‌మాన్ ఒకసారి, "ఈ సోల్‌బ్రిగ్ మీ ఇంట్లో అద్దెకుంటారా" అన్నాడు. గెర్లిండ్ వారం రోజులు నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు.

…అంత్యక్రియలకా? వచ్చారు. మా స్కూలు వాళ్ళు, ఇరుగుపొరుగు. పాస్టర్ గారు మంచి ఇల్లాలు అన్నారు. పిల్లలకి పియానో నేర్పేదన్నారు… లేదు, ఆమె రాసింది ఒక్కటీ వాయించలేదు. చర్చి ఆర్గాన్ ఆయన అందరికీ వాయించేదే వాయించాడు.

తర్వాత కాఫీ దగ్గర మా హెడ్మాస్టర్ భార్య అడిగింది, ఆవిడ సొంతంగా కూడా ఏమన్నా పాటలు కట్టేవారా అని… నేనా? "అప్పుడప్పుడు" అన్నాను.

…

అనండి. ఇంకా అనండి.

…మీకు రాస్తున్న పాటా? పూర్తి చేసింది. మధ్యాహ్నం పక్కవాళ్ళు పడుకునే వేళ పియానో ముట్టుకోకూడదు కదా… వంటింటి బల్ల మీద వేళ్ళతో తట్టుకుంటూ రాసింది. ఆ చప్పుడుకి వ్యాసాలు దిద్దలేకపోతున్నానని తలుపేసుకున్నాను.

…ఆదివారమా? అందరూనా? రండి. స్మశానంలో గోడ పక్కన, కొత్త మట్టి కనబడుతుంది. పేరు చూసి వెతక్కండి. చెక్క శిలువ మీదా హార్ట్‌లెబ్ అనే ఉంది.

…రాయి ఇంకా పెట్టలేదు. రాయి చెక్కే అతను రేపు చెక్కుతానన్నాడు. "హార్ట్‌లెబ్ కుటుంబం" అని… మా ఊళ్ళో అందరూ అలాగే పెడతారు. తర్వాత నేనూ అక్కడికే కదా అని.

…

వింటున్నాను.

…

మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను. గెర్లిండ్ సోల్‌బ్రిగ్. పియానో వాద్యకారిణి… స్వరకర్త… లేదు, ఒక్క మాట కూడా తీసెయ్యను.

…నా పేరా? కింద, చిన్నగా. నేను పోయాక చూసుకుంటారు లెండి.

…రాయి చెక్కే అతనికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. మీరు పెట్టేయండి, అతను కొట్టు కట్టేసే వేళయింది.

…ఏమని చెప్తానా?

నా భార్య పేరు తప్పు చెప్పానని చెప్తాను.

ఉంటాను.