వెనక గది కూల్చిన సంగతి

నన్ను బండల మేస్త్రీ అంటారు. వయసు డెబ్బై మూడు. యాభై ఏళ్లు ఇళ్లలో నేల బండలు పరిచాను. మోకాళ్లు అరిగాక మానేశాను. మా ఆవిడ బడిలో ఆయాగా చేసినందుకు వచ్చే పింఛనే ఇద్దరికీ ఆధారం. ఇంటి పన్నుకు ఏటా మూడు నెలల పింఛను పోతుంది. రెండేళ్లు కట్టలేకపోయేసరికి ఇంటికి తాళం వేస్తామని నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా గది కూల్చానని నా మీద ఫిర్యాదు. కూల్చాను.

పోయిన నెల మూడో తేదీ ఉదయం పదిన్నరకు పన్నుల ఆఫీసు రెండో కిటికీ దగ్గరకు వెళ్లాను. డెబ్బై దాటి, పింఛను మీద బతికేవాళ్లకు సగం పన్ను మాఫీ అని గోడ మీద కాగితం ఉంది. గుమస్తా నా దరఖాస్తు చూసి, ఇల్లు ఆరు వందల చదరపు అడుగులు మించితే రాదన్నాడు. మాది మించింది. ఏం చేయమంటావు బాబూ అని అడిగాను.

"తగ్గించుకోవాలి పెద్దాయనా," అన్నాడు. వేళాకోళమని నాకు తట్టలేదు.

తగ్గించాను. వెనకది మా ఆవిడ కుట్టు మిషను గది. నేను పని చేసిన ఇళ్లలో మిగిలిన ముక్కలతో దాని నేల పరిచాను. ఏ ముక్క ఏ ఇంటిదో ఆవిడకు తెలుసు. ఐదో తేదీ ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టాను. కింద కూర్చోలేను గానీ సుత్తి పట్టగలను. మూడు రోజులు పట్టింది. ఇల్లంతా పోయేకన్నా గది పోతే నయంలే అని ఆవిడే ఇటుకలు అందుకుంది. మిషను పెట్టడానికి చోటు లేక అమ్మేశాం.

పన్నెండో తేదీ మధ్యాహ్నం రెండింటికి కొలతల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గోడ నుంచి గోడకు టేపు పట్టి చూపించాను. ఐదు వందల తొంభై రెండు. మా పనిలో కూలి ఆ కొలతకే ఇస్తారు, గోడ కింద ఎవరూ బండ వేయరు. అతను బయటికెళ్లి గోడల మందం కూడా కలిపి కొలిచాడు. ఆరు వందల అరవై నాలుగు. గోడల్లో ఎవరూ కాపురం ఉండరు కదా సార్ అన్నాను.

"రూలు బయటి కొలతే మేస్త్రీ," అన్నాడు.

ఏ కొలతని ముందే అడగలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది. మాఫీ పోయింది. వెళ్తూ వెళ్తూ అతను కూల్చిన చోటు చూసి అనుమతి కాగితం అడిగాడు.

ఇప్పుడు జరిమానా కట్టు, లేకపోతే గది మళ్లీ కట్టు అంటున్నారు. గది కడితే పన్ను పెరుగుతుంది. కేసు నా మీద పెట్టండి సార్, తాళం మాత్రం వేయకండి. ఆ గది తలుపు నేనింకా తీసేయలేదు. పొద్దున పనయ్యాక మా ఆవిడ అలవాటుగా గొళ్లెం తీస్తుంది, పెరటి గోడ చూస్తుంది, మళ్లీ గొళ్లెం పెడుతుంది.

ఈ వాంగ్మూలం రాసి నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, అంతా నిజం. సిమెంటుకు వేలి గీతలు అరిగిపోయి బొటనవేలి ముద్ర మూడుసార్లూ పడలేదు. అందుకని సంతకం పెట్టాను.

(సంతకం)