వెన్నముద్ద మీద బొటనేలి గుర్తు

సుంకులమ్మ అని ఒక బేల్దారామె ఉండేదంట. ఆమె కట్టిన గోడ నున్నన, నోరు మాత్రం గరుకు. ఆ ఊరి ఎండలు ఎట్లాంటివనుకున్నారు, రోహిణి కార్తెలో బయట బండ మీద కాలు పెడితే బొబ్బలెక్కాల్సిందే. అందుకని తాతల నాడే ఒక కట్టుబాటు పెట్టుకున్నారంట. ఎవురన్నా కొత్తిల్లు కడితే, రోహిణి కార్తె మొదలైన రోజు మిట్టమధ్యాన్నం ఇంటి నడుమ వెన్నముద్ద పెట్టాల, ఊరిపెద్ద దాని మీద బొటనేలు ఒత్తాల, తలుపెయ్యాల. పొద్దు గుంకేటప్పుడు దీపం పట్టుకొని లోపలికి పోయి చూస్తే ఏలి గీతలు అట్లనే ఉండాల. ఉంటే పాలు పొంగించుకో, చెదిరితే ఇల్లు పడగొట్టు, అంతే. ఎండదెబ్బకు ముసలీముతకా పోతాంటే పెట్టుకున్న కట్టుబాటు, దాన్ని తప్పు పట్టేదానికి ల్యా.

ఇంగ ఏమైందంటే, ఆ పరీక్ష మొదట గెలిచిన ఇల్లు ఓబన్న అనే ముసలి బేల్దారిది. రెండు మూరల మందం గోడలు, ఒక్క కిటికీ ల్యా. ఓబన్న పొట్టోడు, తన ఎత్తుకు వాకిలి పెట్టుకున్నాడు. ఆడొక పెద్ద రాతిగుండు అడ్డమొస్తే గోడ వంకర తిప్పుకున్నాడు. ఊరోళ్లు ఏం చేసినారో తెలుసునా, అందరూ అదే పొట్టి వాకిలి, అదే వంకర గోడ! గుండు ల్యాకపోయినా వంకరే. ఏందయ్యా ఇదంటే, సల్లదనం ఆ వంకరలోనే ఉందేమో ఎవురికి తెలుసు అనేవోళ్లంట. నవ్వుతారేంటికి, మీ ఇండ్లు చూసుకోండి పోయి. ఊరంతా ఒకటే మాదిరి ఇండ్లయ్యేసరికి మొగోళ్లు పక్కింట్లో దూరి, అన్నం పెట్టమని పీట వాల్చుకునేవోళ్లంట.

అందరూ ఎట్లో బతికినారు గానీ, మగ్గం నేసే చౌడప్పకు మాత్రం పెద్ద కష్టమొచ్చింది. ఇంట్లో కూర్చుంటే చీకటి, పోగు కండ్లకు ఆనదు. బయట కూర్చుంటే వడగాలికి పోగు ఎండి పుటుక్కున తెగుతాది. అతుకేసి అతుకేసి విసిగిపోయినాడనుకో. ఒకనాడు సుంకులమ్మ కాడికొచ్చి, అక్కా, వచ్చే రోహిణి మొదలు కాంగానే మగ్గం బండికెత్తుకొని ఊరిడిచి పోతాండా అన్నాడంట. బేల్దారిదాన్ని నేనుండి, నీడ కోసం మనిషి ఊరిడిచి పోతాడా అని ఆమెకు తిక్కరేగింది. నేరుగా ఊరిపెద్ద తిమ్మయ్య కాడికి పోయి కట్టుబాటు ఏందో మళ్లీ చెప్పమనింది. ఆయన వెన్న, ఏలు, దీపం అన్నీ చెప్పినాడు.

“అందులో కిటికీ వద్దని ఉందా పెదనాయనా?”

“ల్యా.”

“గోడ వంకరుండాలని?”

“అదీ ల్యా.”

“అయితే వెన్న సంగతి అడుగు, చెప్తా. ఇంటి రూపం సంగతి నాకిడిచిపెట్టు.”

తిమ్మయ్య గడ్డం గీరుకొని, సరే కానీ గీత చెదిరిందంటే ఇంటితో పాటు నీ తాపీ కూడా బావిలో పడేయాల అన్నాడంట. ఆమె ఎనకాముందు చూడకుండా ఒప్పుకునింది.

ఇంగ చూడండి ఆమె పని! చౌడప్ప జాగాలో బండిచక్రం మాదిరి గుండ్రంగా ఇల్లు లేపింది. పడమటి వైపు గోడ ఎనక ఇంకో గోడ, రెండిటి నడుమా కొర్ర పొట్టు దట్టించింది. మిద్దె మీద ఉత్త కుండలు బోర్లించి పైన మన్ను కప్పింది. నేల మోకాటి లోతు తవ్వింది. ఉత్తరానికి మగ్గమంత ఎడల్పు కిటికీ పెట్టి, పట్నం నుంచి తెప్పించిన గాజు పలకలు రెండు వరసలు బిగించింది, నడుమ ఏలు పట్టేంత సందు. గోడకు గోడ తోడైనట్టు గాజుకు గాజు తోడనింది. రోహిణిలో పొద్దు కొంచెం ఉత్తరానికి వాలతాదని తెలిసి, కిటికీ మీదికి చూరు బాగా కిందికి దించింది. ఊరోళ్లు వచ్చి చూసి, ఇంత కిటికీనా, వెన్న కాదు గిన్నె గూడా కరుగుతాదని పోయేవోళ్లంట.

ఆ రోజు రానే వచ్చింది. తిమ్మయ్య ఏలు ఒత్తినాడు, తలుపేసినారు. ఊరంతా యాపచెట్టు నీడన కూర్చునింది. నీడ జరిగితే జనమూ జరుగుతారు, కండ్లు మాత్రం ఆ తలుపు మీదే. చౌడప్ప బండి కట్టి, మగ్గం ఎత్తి పెట్టుకున్నాడు. సుంకులమ్మ కొంగులో తాపీ చుట్టుకొని కూర్చునింది. పొద్దు వాలింది, తిమ్మయ్య దీపం ముట్టించినాడు, తలుపు తీసినారు. వాకిలి నిలువెత్తు ఉన్నా అందరూ అలవాటు కొద్దీ వంగే దూరినారంట! తిమ్మయ్య దీపం దగ్గరగా పట్టుకొని చూడబోయినాడు.

వాకిట్లో నిలబడిన చౌడప్ప అన్నాడంట, “పెదనాయనా, ఆ దీపం ఆర్పేయ్. నీ ఏలి గీతలు నాకు ఈడికే కనిపిస్తాండాయి.”

తిమ్మయ్య ఉఫ్‌మని ఊదినాడు. వెలుతురు తగ్గలేదు. వెన్నముద్ద మీద గీతలు పెట్టినవి పెట్టినట్లే ఉండాయి. చౌడప్ప పోయి బండి మీది మగ్గం దించుకున్నాడు.

మరుసటేడు ఊరంతా సుంకులమ్మ ఇంటి ముందరే. మాకూ గుండ్రటిల్లే కట్టు, ఉత్తరం కిటికీయే పెట్టు అని. ఆమె తాపీతో చేతుల మీద ఒకటేసి, నీ ఇంట్లోంచి నువ్వేం చూడాలబ్బీ, అది చెప్పు, సల్లదనం నేను చూసుకుంటా అనేదంట. ఒకడు గొర్రెల దొడ్డి చూడాలన్నాడు, ఒకామె పుట్టింటి దోవ చూడాలనింది, ఏ ఇంటికి ఆ ఇల్లే అయింది. మా అవ్వ కూడా అడిగి కట్టించుకునింది, పక్కింటోళ్ల వాకిట్లోకి కిటికీ పెట్టించుకునింది. ఆ ఇంట్లోనే నేను పుట్టింది. ల్యాకుంటే నాకు ఇన్ని కతలు యాడనుంచి వచ్చినాయనుకుంటిరి?