మూడో పల్టీ

సర్కస్ డేరా వెనక గది. ఇద్దరూ భార్యాభర్తలు. ఆమె ఉయ్యాల వదిలి గాల్లో పల్టీలు కొడుతుంది. అతను ఎదుటి ఉయ్యాలకు తలకిందులుగా వేలాడుతూ ఆమె చేతులు అందుకుంటాడు. మొదటి ఆటకు ఇంకాస్త టైముంది. ఆమె మణికట్టుకు అతను పట్టీ చుడుతున్నాడు.

"మరీ అంత బిగించకు బావా."

"రోజూ ఇంతే బిగిస్తాను."

"రోజూ ఇంతే నొప్పెడుతుంది. ఇవాళ చెబుతున్నాను, అంతే తేడా."

"సరే, వదులు చేశాను. ఇప్పుడు నా మాట విను. ఓనరు దగ్గరికెళ్ళి తల తిరుగుతోందని చెప్పు. వాంతి కూడా అయిందని చెప్పు."

"తిరగడం లేదుగా."

"తిరుగుతోందని చెప్పడానికి నిజంగా తిరగాలా ఏంటి? రెండు పల్టీలు కొట్టి దిగిపో. రెండేం తక్కువ కాదు. వచ్చినవాళ్ళు నీ పల్టీలు లెక్కపెట్టుకోడానికి వస్తున్నారా? సగం మంది జోకరు బాబాయి ప్యాంటు ఎప్పుడూడుతుందా అని వస్తారు."

"పొద్దుట్నుంచీ మైకులో అరుస్తున్నారు. మూడు పల్టీలు, మూడు పల్టీలు అని."

"మైకుకేం, అది ఏదైనా అరుస్తుంది. పడేది నువ్వు కదా."

"జనం కోసం కాదు బావా ఇది."

"మరి? ఏం సాధిస్తావు దాంతో? జీతం పెంచుతాడా? తిరిగినదానివి మళ్ళీ కిందికే గదా దిగాలి."

"పుట్టినందుకు ఒక్క పనైనా పూర్తిగా చెయ్యాలని ఉంది. సగం సగం కాదు. మూడోది తిరుగుతుంటే నాకు మైకు వినబడదు, దీపాలు కనబడవు. అంత హాయి నాకింకెక్కడా లేదు. పాపని ఎత్తుకున్నప్పుడు కూడా లేదు. చెబితే ఛీ అంటావు."

"ఛీ."

"అన్నావుగా."

"హాయిగా ఉందని ఎన్నిసార్లు పడ్డావు? అది చెప్పు ముందు."

"ఎందుకు పడ్డాను?"

"మళ్ళీ మొదలెట్టావా?"

"చెప్పు. ఎందుకు పడ్డాను?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావే. మూడోది తిరిగి ఒళ్ళు విప్పేసరికి నీకు ఆలస్యమవుతోంది. కాన్పు తర్వాత ఒళ్ళు బరువెక్కింది. నీ తప్పు కాదు, ఆడవాళ్ళకి మామూలే."

"అప్పుడూ ఇదే మాట అన్నావు. నీ తప్పు కాదు, ఒళ్ళు బరువు. పాలున్నంత కాలం ఒళ్ళు తగ్గదన్నావు. పాపకి పాలు మానిపించాను."

"పాతవన్నీ ఎందుకిప్పుడు."

"రవిక తడిసిపోతుంటే గుడ్డ బిగించి కట్టుకున్నాను. పక్క గుడారంలో అత్త దగ్గర అది గుక్కపట్టి ఏడుస్తుంటే చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను. ఒంటిపూట తిండి, అదీ సగం. నీ కంచం కనబడితే ఆశపుడుతుందని అటు తిరిగి కూర్చునేదాన్ని."

"నేను తినొద్దన్నానా?"

"లేదు. తినమనీ అన్లేదు."

"ఇటివ్వు, రెండో చెయ్యి."

"ఇవాళ నువ్వు పైకెక్కడం లేదు బావా."

"ఏంటీ?"

"మరిది పట్టుకుంటాడు. ఓనరుతో మాట్లాడాను, సరేనన్నాడు."

"మా తమ్ముడా? మొన్న మొన్న వచ్చాడు వాడు. పక్క కొక్కేనికి చొక్కా తగిలించుకోవడం కూడా ఇంకా అలవాటు కాలేదు వాడికి."

"వేరే కంపెనీలో మూడు పల్టీలు పట్టినవాడే కదా."

"అక్కడ ఎవర్ని పట్టాడో ఏమో. నిన్ను కాదుగా."

"నన్నూ పట్టాడు. ఇవాళ పొద్దున, నువ్వు పాపని టీకాకి తీసుకెళ్ళినప్పుడు."

"మూడూనా?"

"మూడూ."

"ఎన్నోసారికి?"

"మొదటిసారికే. ఏం బావా, పట్టీ అలా జారవిడిచావు?"

"చెమట. వేలు జారింది. వాడి చేతులు బాగున్నాయా?"

"బాగున్నాయి. వణకలేదు."

"ఓహో."

"నువ్వు అనుకుంటున్నట్టు కాదు, ఆ మొహం పెట్టకు. దిగాక మరిదిని అడిగాను, నన్ను వదలమని అంత ఆలస్యంగా పిలిచావేం అని. ఆలస్యమేంటి వదినా, పిలవాల్సింది అప్పుడే కదా అన్నాడు. అన్నయ్య ఎప్పుడు పిలుస్తాడు అని నన్నే ఎదురడిగాడు."

"వాడి మొహం. వాడికేం తెలుసు."

"నీ పిలుపు వింటేనే కదా నేను ఉయ్యాల పట్టుకుని మంచె వదిలేది? పిలుపు ముందయితే నీ ఉయ్యాల ఇటు రాకముందే నేనక్కడికి వచ్చేస్తాను. చేతులుండాల్సిన చోట ఏమీ ఉండదు. నిజమా కాదా?"

"ఒకటి రెండుసార్లు తొందరపడి పిలిచి ఉంటాను. మనిషినేగా నేనూ."

"రెండు పల్టీలకి ఎప్పుడైనా తొందరపడ్డావా?"

"కదలకు. పట్టీ ఊడుతోంది."

"బావా."

"కదలకు అన్నానా."

"రెండుకి ఒక్కసారీ పొరపాటు రాలేదు. మూడుకి ఒక్కసారీ సరిగ్గా రాలేదు. ఇదేం పొరపాటు, మనిషి చేసేదేనా?"

"భయమేసిందే. చాలా? మూడు తిరిగొచ్చే ఒళ్ళు ఎంత జోరు మీదుంటుందో నీకేం తెలుసు? పాపకి తల్లి లేకుండా పోతుందని భయమేసింది."

"భయమేసి పడేశావా?"

"కింద వల ఉంది కదా."

"ఆ వల మీదే కదా మెడ పట్టేసింది. ఆ వేసవంతా మంచం మీదే ఉన్నాను. ముద్దలు కలిపి నోట్లో పెట్టావు. తల దువ్వావు. మనకింతే రాసిపెట్టుంది, రెండుతో సర్దుకుందామన్నావు. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు అని నేను ఏడ్చాను కూడా."

"బాగానే చూసుకున్నాను. అందులో అబద్ధముందా?"

"లేదు. అందుకే ఒళ్ళు మండిపోతోంది. ఆ మేకుకున్న తువ్వాలు ఇలా అందుకో."

"ఎందుకిప్పుడు?"

"అందుకో. ఎడం చేత్తో కాదు."

"ఏ చెయ్యయితే ఏంటి."

"కుడిచేత్తో. తల దాకా ఎత్తు చాలు, తువ్వాలు కూడా వద్దులే. ఇంతేనా? ఇంతే లేస్తుందా? ఎప్పట్నుంచి?"

"నీ కాన్పు ముందు నుంచి."

"కాన్పు ముందు నుంచా!"

"రెండు పల్టీల వరకూ ఓర్చుకుంటుంది. మూడయితే భుజం కీలు ఊడొస్తుంది. ఓనరుకి తెలిస్తే ఆ పూటే నన్ను దించేస్తాడు. గుంజలు పాతుకోమంటాడు. నువ్వు పైన ఎవడి చేతుల్లోనో ఉంటావు, నేను కింద గునపం పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తుండాలి."

"అదన్నమాట సంగతి. పాప కాదు, భయం కాదు."

"అవునే, అదే. కావాలనే ముందు పిలిచాను. చాలా?"

"ఎన్నిసార్లు?"

"ప్రతిసారీ."

"నా ఒళ్ళు బరువు కాదు?"

"బరువేంటి నీ మొహం. వల మీద పడితే చప్పుడయినా కాదు నువ్వు."

"మరి తిండి మానేస్తుంటే చూస్తూ ఊరుకున్నావే."

"ఏదో ఒక కారణం నీకు దొరకాలిగా. లేకపోతే నా వైపు చూసేదానివి."

"నేను ఆలస్యంగా రాలేదు?"

"లేదన్నానుగా. ప్రతిసారీ సరిగ్గానే వచ్చావు. నా చేతులే రాలేదు."

"మళ్ళీ అను."

"ఎందుకే ఇలా చంపుతావు."

"మళ్ళీ అను బావా. ఇన్నాళ్ళూ ఈ మాట కోసం కడుపు మాడ్చుకున్నాను."

"నువ్వు సరిగ్గానే వచ్చావు."

"ఊఁ. ఇప్పుడు తేలిగ్గా ఉంది."

"ఓనరుకి చెప్పేస్తావా?"

"నువ్వే చెబుతావు, ఆట అయ్యాక. ఇవాళ వల తాడు దగ్గర ఒక మనిషి తక్కువున్నాడు. అక్కడ నిలబడు."

"నేనా? అందరి ముందా?"

"అందరి ముందే కదా నేను పడ్డాను."

"నీకు ఇంత రాతిగుండె ఎప్పట్నుంచే?"

"చెవుల్లో దూది పెట్టుకున్నప్పట్నుంచి. అదిగో, బెల్లు కొట్టారు. చెయ్యి వదులు."

"ముడి వెయ్యలేదింకా."

"మరిది వేస్తాడు."

"ఒక్క నిమిషం. పో, నిన్ను ఆపను. ఆపే మొహం నాకు లేదు. కానీ పొద్దున వాడు నిన్ను ఒకసారి పట్టాడు కాబట్టి ఊరుకుంటున్నాను. లేకపోతే కాళ్ళు చుట్టేసుకుని ఇక్కడే పడుకునేవాణ్ణి. ఒక్కసారీ కలవని చేతుల్లోకి మూడు తిరిగి వెళ్ళడమంటే ఏంటో మనిద్దరికీ తెలుసు. కొత్తగా ఏమీ చెయ్యొద్దు. పొద్దున ఎలా పిలిచాడో అలాగే పిలవమను, పొద్దున ఎలా వదిలావో అలాగే వదులు. సరేనా? ఇటు చూడు. సరేనా?"

"నీ నోటంట నిజం వినాలని అలా అన్నాను బావా. పొద్దున మేం పైకెక్కనే లేదు."