పక్క పెట్టెలో పిల్ల

కుట్టుపని నేర్పే పిన్ని బ్లాగులో, ఆమె రాతలు చదివి వెళ్లినవాళ్ల ఫొటోలు పక్కనున్న పెట్టెలో కనిపిస్తాయి. కంప్యూటరు ముందు కూర్చున్న అక్క కూతురు, వాటిలో అరకొర బట్టల అమ్మాయిని చూసి ఉలిక్కిపడింది.

"ఈ పెట్టె తీసేస్తా పిన్నీ. పిల్లల్ని నీ దగ్గరికి పంపే తల్లులు చూస్తే ఇంకేమన్నా ఉందా?"

"తియ్యకే. నా రాతలు ఎవరూ చదవనప్పుడు ఇందులో కనిపించింది ఆ పిల్లొక్కతే. ఆమె రాబట్టే నేను రాయడం మానలేదు."

"అయితే ఫొటో మార్చమనొచ్చుగా."

"అడిగాను. నా పాఠాలు చూసి జాకెట్టు కుట్టుకుంటోందట. అది వేసుకుని దిగిన ఫొటో పెడతానంది."

"ఎప్పుడట?"

"చేతులు అతకడమొకటే మిగిలిందట. ఆ పాఠం నేనింకా రాయలేదు."

"సరే, అందాకా ఆ ఒక్క ఫొటో దాచేస్తా. పేరు మాత్రం ఉంటుంది."

"నీకు పుణ్యముంటుంది. ఇక లే, నన్ను కూర్చోనీ. పాపం ఆ పిల్లని ఇంకా ఎన్నాళ్లని అలా ఉంచుతాను?"