పసుపు జెండా

అపియా రేవు గట్టు మీద ఇద్దరున్నారు. ఒకరు మొసోఓయి పూలదండ పట్టుకున్న ముసలామె, ఇంకొకరు ఓడల్లో వచ్చేవాళ్ళ ఆరోగ్యం తనిఖీ చేసే ఉద్యోగి.

"నాయనా, ఓడ మీద పసుపు జెండా ఎగురుతోందే! మా మనవడు ఫెతూ అందులోనే ఉన్నాడు. ఏం రోగమొచ్చింది వాళ్ళకి?"

"రోగం కాదవ్వా. 'మేమంతా బాగున్నాం, దిగనివ్వండి' అని చెప్పే జెండా అది."

"బాగుంటే దిగరేం మరి?"

"వాళ్ళు చెబితే చాలదు. నేను ఎక్కి చూసి, అవునని సంతకం పెట్టాలి."

"పెట్టాక జెండా ఏం చేస్తారు?"

"దించేస్తారు."

"అంటే బాగున్నారని తేలాక, బాగున్నామనే జెండా దించేస్తారా! ఇదెక్కడి రూలయ్యా? నా బుర్ర తిరిగిపోతోంది."

"నాదీ తిరుగుతోందవ్వా... ఖళ్ ఖళ్... అదిగో నా పడవ వచ్చింది, వెళ్తాను."

"ఆగు. ఆ దగ్గు ఎప్పట్నించి?"

"నిన్నట్నించి. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, అంతే."

"మరి నిన్నెవరు చూసి సంతకం పెట్టారు?"

"నన్నా? నన్ను... అది రూల్లో లేదవ్వా."

"అయితే కూర్చో ఇక్కడ. ఇంకొకర్ని పిలిపించు."

"సవాయీ దీవి నుంచి రావాలి. రేపటిదాకా ఎవరూ దిగడానికి ఉండదు. నీ దండ వాడిపోతుంది."

"వాడితే ఇంకోటి కడతాను. మా అమ్మమ్మ చిన్నప్పుడు తొందరపడి, జబ్బుతో వచ్చిన ఒక ఓడలోవాళ్ళని దిగనిచ్చారు. మా ముంగిట్లో ఉన్న పదకొండు సమాధులూ ఆ నెలలో కట్టినవే."