చక్రం కింది రాయి

పోయినసారి మెకానిక్ దగ్గర వేగంగా ఉరికే గేరే కావాలని పట్టుబట్టింది తానే కదా అనుకున్నాడతడు. తన వంగిన మోకాళ్లను చూసి నవ్వినవాళ్లందరినీ దాటిపోవాలనిపించింది. కానీ గుట్ట ఎక్కేటప్పుడల్లా తన మూడు చక్రాల మోటారు సైకిల్ ఆగిపోయేది, భార్య దిగి తోసేది. నిన్ననే వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టెను, డిఫరెన్షియల్‌ను, మార్పించాడు. ఇవాళ భార్యను వెనక కూర్చోబెట్టుకుని అదే గుట్ట దారిన బయలుదేరాడు.

"గీసారి మెకానిక్ ఏమన్నడయ్యా?"

"ఇంజిన్ ఎన్నోసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతదట. ఉరుకదు గని గుట్ట ఎక్కుతదట."

"గుట్ట వచ్చింది. దిగాల్నా?"

"కూసో."

"రాయి నా చేతిలనే ఉంది. ఆగితే చక్రం కింద పెడ్త."

"ఆగుతలేదు కదనే."

"మోపెడ్లు గూడ మనల్ని దాటిపోతున్నయి."

"పోనియ్యి. నువ్వు దిగలే, నాకు గంతే చాలు."

గుట్ట పైకి చేరాక బండి ఆపి, ఆమె చేతిలోని రాయిని తీసుకుని అతడు రోడ్డు పక్కకు విసిరేశాడు.