టైలరు బాబాయ్ దేశాన్ని కొలిచిన వైనం

జిరాక్సు మిషను సగం కాగితాన్ని నోట కరుచుకుని ఉండగా కరెంటు పోయింది. బయట వాన దంచుతోంది. కదిలి పోయే దారి ఎవరికీ లేదు. టైలరు బాబాయ్ నోటికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?

కొలతల పుస్తకంలో చిరిగిపోతున్న పేజీ ఒకటి కాపీ తీయించుకుందామని వచ్చాడాయన. షాపు నడిపే జిరాక్సు అక్క కాక అప్పటికే అక్కడ ముగ్గురున్నారు. బల్ల మీద రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన పక్కన ఆస్పత్రి ఆయమ్మ, గుమ్మం దగ్గర తడిసిన గొడుగు మడుచుకుంటూ ఎవరో ఒకమ్మాయి.

మిషను కరుచుకున్న కాగితం ఆయమ్మది. ఇంటింటి సర్వేలో ప్రశ్నలు మారుస్తున్నాం, జనం తమ అభిప్రాయం రాసి ఇవ్వొచ్చు అని ప్రభుత్వం ప్రకటించింది. గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి. ‘పనికి ఎన్నింటికి బయల్దేరతారు?’ అనే నలభై ఒకటో ప్రశ్నను తీసేస్తారట, దానికి జవాబిచ్చేవాళ్ళు మరీ తక్కువట. తీయొద్దని రాసింది ఆయమ్మ. తెల్లవారుజాము బస్సు ఆపేసిన దగ్గర్నుంచీ ఆమె ఆస్పత్రికి చీకట్లో నడిచి పోతోంది. ఎవరు ఎప్పుడు బయల్దేరతారని అడిగే నాథుడు కూడా లేకపోతే ఇక ఆ బస్సు జన్మలో రాదని ఆమె బెంగ.

“ఆ ప్రశ్న పెట్టించిందే నేను,” అన్నాడు బాబాయ్.

నిజానికి అనాలని అనుకోలేదు, నోరు జారింది. కానీ నలుగురూ తల తిప్పి చూశారు. నలుగురు చూశాక వెనక్కి తగ్గడం ఆయన ఇంటా వంటా లేదు.

మొదట చిన్నగానే ఎత్తుకున్నాడు. సర్వే ఆఫీసు గుమాస్తా ఒకాయన ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడనీ, తను నేల మీద కూర్చుని గుండుసూదులు గుచ్చుతూ, అయ్యా, అన్నీ అడుగుతారు గానీ మనిషి గడప దాటేది ఎప్పుడో అడగరేం అన్నాడనీ చెప్పాడు. ఇంతవరకూ నిజమే. గుమాస్తా నిజం, ప్యాంటు నిజం. అక్కడ ఆగి ఉంటే ఎంతో మర్యాదగా ఉండేది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

మూడో రోజుకల్లా ఇంటి ముందు కారు ఆగిందట. తీసుకెళ్ళి పెద్ద హాల్లో కూర్చోబెట్టారట, ఎదురుగా వందమంది పండితులు, అందరివీ సోడాబుడ్డి కళ్ళద్దాలు, మధ్యలో బల్ల మీద సర్వే కాగితం, కాగితమంటే కాగితమా అది, తానులకు తానులు చుట్టి పెట్టారు, నూటపన్నెండు ప్రశ్నలు. బాబాయ్ చంకలోంచి కత్తెర తీసి కరకరా నాలుగు చోట్ల కత్తిరించేసరికి వందమందీ లేచి నిలబడ్డారట.

“సర్వే అంటే ఏంటి మాస్టారూ, కొలతలే కదా? మెడ కొలవకుండా చొక్కా కుడితే తొడుక్కున్నవాడికి ఊపిరాడుతుందా? అదే చెప్పాను.”

మాస్టారు గంభీరంగా తలూపారు. ఆ తలూపుతో బాబాయ్‌కి రెక్కలొచ్చాయి.

కాగితం అయింది, ఇక దేశం కొలవమన్నారట. మెళ్ళో టేపు ఉండనే ఉంది. సరిహద్దు వెంట కొలుచుకుంటూ పోయాడట, పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి మూడొంతులు అయిపోయింది, తూర్పు పక్క ఒకటిన్నర అంగుళం బిగుతుగా ఉంటే కుట్టు విప్పి వదులు చేశాడు కూడా. చిక్కంతా సముద్రం దగ్గరే వచ్చింది. అలలు ముందుకీ వెనక్కీ, కొలత నిలవదు. కొందరు కొలత ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుంటారే, అదే వరస. “పొట్ట వదిలెయ్, మామూలుగా నిలబడు, అన్నాను. నిలబడింది.”

“సముద్రమేనా?” అంది జిరాక్సు అక్క.

“పైటంచు కదిలితే ఒట్టు.”

గుమ్మం దగ్గరి అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ అది చూశాడు, చూసి ఇంకో మెట్టెక్కాడు. ఇక జనాభా. ఇంటింటికీ తిరగడం చాదస్తం అనుకున్నాడట. దేశంలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి గుండీలు పెట్టుకోండని కేక వేయించి, కొండెక్కి చెవి ఒగ్గి, టపటపలు లెక్కపెట్టి ఏడుతో భాగించేశాడు.

“లాల్చీకి మూడే కదయ్యా గుండీలు,” అన్నారు మాస్టారు. లెక్క తప్పితే ఆయన ప్రాణం ఒప్పదు.

“వాటి చప్పుడు వేరు మాస్టారూ. విడిగా రాసుకున్నాను.”

అయినా ఒక మనిషి తగ్గాడట. వెతగ్గా వెతగ్గా ఎక్కడో కొండకొమ్మున దొరికాడు, పాపం గుండీ ఊడిపోయి ఉంది. అక్కడికక్కడే కుట్టిపెట్టి వాణ్ణి లెక్కలో కలిపాడు. పెద్ద అధికారి పరుగున వచ్చి తన కుర్చీ తీసుకోమంటే, దానికి చేతులు పొట్టి, నాకు సరిపోదన్నాడు. ఇక ఆ నలభై ఒకటో ప్రశ్న. దాన్ని ముందు ఎవర్ని అడగాలి? అందరికన్నా ముందు బయల్దేరేవాణ్ణే కదా.

“సూర్యుణ్ణి అడిగాను. ఏమయ్యా, ఎన్నింటికి బయల్దేరతావు, రోజుకో టైము చెప్తే ఎలా రాసుకోవాలి అన్నాను. సిగ్గుపడి మబ్బు చాటుకి పోయాడు. మర్నాటి నుంచి చూడండి, ఐదు నిమిషాలు ముందే వస్తున్నాడు.”

మాస్టారికి పొలమారింది. జిరాక్సు అక్క మిషను మీద వాలిపోయి నవ్వింది. బాబాయ్‌కి ఒళ్ళు గాల్లో తేలుతున్నట్టుంది. చంద్రుడి సంగతి కూడా ఎత్తుకుందామని గొంతు సవరించుకున్నాడు.

“బాబాయ్ గారూ,” అంది గుమ్మం దగ్గరి అమ్మాయి. “మీ ఇల్లు నీళ్ళ ట్యాంకు వెనక సందులో, నీలం తలుపు ఉన్నదేనా?”

“మన ఇల్లు తెలియనివాళ్ళెవరు తల్లీ.”

“మీ వైపు సర్వేకి వచ్చేది నేనేనండీ. ఆ తలుపు మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ లోపలి నుంచి ఒకాయన ‘ఇంట్లో ఎవరూ లేరు’ అన్నారు. మొహం చూడలేదు గానీ, గొంతు మాత్రం ఇదే.”

షాపు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. బాబాయ్ కూడా ఒక నవ్వు మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. రెండో కుట్టుమిషను ఎక్కడ చూస్తారో, దాని మీద ఏం పన్ను వేస్తారోనని ఆ మూడుసార్లూ తలుపు వెనక నక్కిన మాట వాస్తవం.

అందరికన్నా ముందు నవ్వు ఆపింది ఆయమ్మ. అలా ఎవరూ లేరంటే కాగితంలో ఏం రాస్తారని ఆ అమ్మాయిని అడిగింది. తాళం వేసి ఉంది అని రాస్తామంది అమ్మాయి. ఆ సందులో పదకొండు ఇళ్ళు అలాగే తాళాలయ్యాయట. మిగిలిన ఇళ్ళలో తెల్లవారకముందే పనికి పోయేవాళ్ళు నలుగురే తేలారట. నలుగురి కోసం బస్సెందుకని ఆపేశారు.

ఎవరూ బాబాయ్‌ని ఏమీ అనలేదు. అని ఉంటే ఆయనకి తేలికగా ఉండేది. మాటకు మాట అప్పజెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఆయమ్మ ఊరికే తన చెప్పుల వైపు చూసుకుంటోంది. మడమ దగ్గర అరిగి పలచబడ్డాయి.

కరెంటు వచ్చింది. మిషను కాగితాన్ని కక్కింది. గోడ గడియారంలో నాలుగు దాటింది.

“అక్కా, అభిప్రాయం రాయడానికి నాకూ ఒక కాగితం ఇయ్యి,” అన్నాడు బాబాయ్.

పెన్ను పట్టుకున్నాడు గానీ చేయి సాగలేదు. చివరికి ఆ అమ్మాయే పక్కకొచ్చి కూర్చుని, మీరు చెప్పండి, నేను రాస్తానంది. నలభై ఒకటో ప్రశ్న ఉండాలా? ఉండాలి. ఎందుకు? బాబాయ్ టేపు కొసను వేలికి చుట్టుకున్నాడు.

“నేను ఇంట్లోనే కుడతానమ్మా, ఎక్కడికీ పోను. మా ఆవిడ పోతుంది, ఆస్పత్రి లాండ్రీకి. నాలుగున్నరకి బయల్దేరుతుంది. బస్సు లేదు కదా, నడిచే.”

“ఎంత దూరం ఉంటుంది?”

నాలుక చివర ముప్పై ఉంది. బాబాయ్ దాన్ని కష్టపడి మింగాడు.

“మూడు కిలోమీటర్లు.”

“రెండున్నరే బాబాయ్,” అంది ఆయమ్మ. “రోజూ పిన్నితో కలిసి నడిచేదాన్ని, నాకు తెలీదా?”

అమ్మాయి తలెత్తి ఆయన వైపు చూసింది.

“రెండున్నర రాయమ్మా,” అన్నాడు బాబాయ్.